సయ్యద్ అబ్దుల్ రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, ఉపాధ్యాయుడు, క్రీడా నిర్వాహకుడు, శిక్షకుడు. క్రీడాలోకంలో రహీమ్ సాబ్‌గా ప్రసిద్ధుడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలుచుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో సెమీఫైనల్ చేరి, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. శిక్షకుడిగా ఆయన పేరు దేశమంతటా తెలిసినా, ఆ విజయాలకు పునాది ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా చేసిన కృషిలో ఉంది. 1940ల ఆరంభంలో చేపట్టిన ఆ బాధ్యతను మరణించేవరకు, అంటే సుమారు రెండు దశాబ్దాలపాటు నిర్వహించాడు.

నేపథ్యం

హైదరాబాదు ప్రాంతానికి ఫుట్‌బాల్ సికింద్రాబాదు దండు ద్వారా వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో విడిది చేసిన బ్రిటిషు సైనిక దళాలు తమ తీరిక సమయాలలో ఈ ఆట ఆడేవి. వారిని చూసి స్థానిక యువకులు, నిజాం సైన్యంలోనివారు, పాఠశాల విద్యార్థులు ఆటను నేర్చుకున్నారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో నగరంలో అనేక చిన్న క్లబ్బులు వెలిశాయి. అప్పట్లో చాలామంది పాదరక్షలు లేకుండానే ఆడేవారు. ఉత్సాహం ఉన్నప్పటికీ, ఈ క్లబ్బులన్నింటినీ ఒక క్రమపద్ధతిలో నడిపే వ్యవస్థ మొదట్లో లేదు. 1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం ఏర్పడడంతో ఆ లోటు తీరింది. ఏడు క్రీడలలో ప్రావీణ్యం వల్ల రెయిన్‌బో హాదీగా పేరొందిన సయ్యద్ మహమ్మద్ హాదీ ఈ సంఘానికి తొలి అధ్యక్షుడు. రంజీ ట్రోఫీ క్రికెట్ పోటీలలో మొదటి శతకం సాధించినవాడు కూడా ఆయనే.

విద్య, ఉపాధ్యాయ వృత్తి

రహీమ్ 1909 ఆగష్టు 17న హైదరాబాదులో జన్మించాడు. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేశాడు. చదువు పూర్తయిన తరువాత ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశాడు. వీటిలో చాదర్‌ఘాట్ మూసీనది ఒడ్డున, నగరం నడిబొడ్డునుండి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా విజయవాడ వైపు సాగే రహదారికి మొదట్లో ఉంది.

ఉపాధ్యాయుడిగా ఉంటూనే రహీమ్ వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, తాను పనిచేసిన పాఠశాలలలో వ్యాయామ, క్రీడా కార్యక్రమాల బాధ్యతను తీసుకున్నాడు. తరగతి గదిలో అలవడిన పద్ధతి ఆయన తరువాతి జీవితమంతటా కనిపిస్తుంది. ఒక పాఠాన్ని చిన్న చిన్న అంశాలుగా విడదీయడం, ఒక్కొక్క అంశాన్ని అభ్యాసం ద్వారా స్థిరపరచడం, నేర్చుకున్నదానిని పరీక్షించడం అనే క్రమాన్ని ఆయన మైదానంలో కూడా పాటించాడు.

క్రీడాకారుడిగా

రహీమ్ 1920ల చివరి సంవత్సరాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఎలెవెన్ హంటర్స్ అనే స్థానిక జట్టుకు, అనంతరం నగరంలోని బలమైన జట్లలో ఒకటైన కమర్ క్లబ్బుకు ప్రాతినిధ్యం వహించాడు. ఆయన ఆడిన కాలంలో హైదరాబాదు ఆటగాళ్ళకు దేశవ్యాప్త పోటీలలో పాల్గొనే అవకాశాలు చాలా తక్కువ. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1941లో మాత్రమే మొదలైంది. స్వతంత్ర భారతదేశపు జట్టు ఒలింపిక్ క్రీడలలో తొలిసారి ఆడిన 1948 నాటికి రహీమ్ వయసు 39 సంవత్సరాలు. అందువలన ఆటగాడిగా ఆయన కీర్తి హైదరాబాదు నగరానికే పరిమితమైంది.

ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా

1940ల ఆరంభంలో రహీమ్ హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. క్రీడాసంఘాలలో అధ్యక్షపదవి ఎక్కువగా గౌరవప్రదమైనది కాగా, దైనందిన నిర్వహణ భారమంతా కార్యదర్శిపైనే ఉంటుంది. క్లబ్బుల, ఆటగాళ్ళ నమోదు, లీగ్ పోటీల కాలనిర్ణయం, మైదానాల ఏర్పాటు, రెఫరీల నియామకం, వివాదాల పరిష్కారం, రాష్ట్ర జట్టు ఎంపిక వంటివన్నీ ఆ బాధ్యతలోకి వస్తాయి. అంతకుముందు ఆటగాడిగా, వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్న రహీమ్, ఈ అధికారాలను ఆట నేర్పే సాధనాలుగా మలచుకోవడం విశేషం.

ఆనాటి భారతీయ ఫుట్‌బాల్‌లో వ్యక్తిగత నైపుణ్యానికి ప్రాధాన్యం ఎక్కువ. బంతి దొరికిన ఆటగాడు దానిని తానే తీసుకుపోతూ ఎదుటివారిని తప్పించుకొనే డ్రిబ్లింగ్‌ను ప్రేక్షకులు బాగా మెచ్చుకునేవారు. దీనివల్ల జట్టు ఆట వెనుకబడుతున్నదని రహీమ్ భావించాడు. దానిని సరిదిద్దేందుకు డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలను ఏర్పాటు చేశాడు. ఈ పోటీలలో బంతిని వెంటనే సహచరునికి అందించవలసి ఉంటుంది. అలాగే ఆటగాళ్ళు తమకు అలవాటులేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా నిర్వహించాడు. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవారు కుడికాలితోను గోలు చేయవలసి రావడంతో, రెండు కాళ్ళనూ సమానంగా ఉపయోగించగల యువకులు హైదరాబాదులో తయారయ్యారు.

ఒక శిక్షకుడు తన జట్టులోని కొద్దిమందికి మాత్రమే నేర్పగలడు. పోటీల నియమాలను నిర్ణయించే కార్యదర్శి మాత్రం నగరంలోని క్లబ్బులన్నింటి ఆటతీరును మార్చగలడు. రహీమ్ శిక్షణావిధానాలు హైదరాబాదులో అంత విస్తృతంగా వ్యాపించడానికి కారణం ఇదే. లీగ్ పోటీలను క్రమం తప్పకుండా గమనించడం వల్ల కొత్త ఆటగాళ్ళను చిన్నవయసులోనే గుర్తించే వీలు కూడా ఆయనకు కలిగింది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ ఇలా వెలుగులోకి వచ్చినవాడే. పేదకుటుంబంలో పుట్టిన బలరామ్‌కు శిక్షణ కోసం హైదరాబాదు వచ్చిపోయే స్తోమత లేకపోగా, ఆ ఖర్చును రహీమ్ భరించాడు. బలరామ్ తరువాతి కాలంలో దేశంలోని అత్యుత్తమ ఫార్వర్డులలో ఒకడిగా పేరుపొందాడు.

సంఘం కృషికి ఫలితంగా హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. రెండు ఫైనళ్ళలోనూ బొంబాయి జట్టు ఓడిపోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత ఆంధ్ర, హైదరాబాదు ప్రాంతాల సంఘాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ సంఘంగా రూపొందాయి.

హైదరాబాదు నగర పోలీసు జట్టు

రహీమ్ పేరు దేశమంతటా వ్యాపించడానికి తొలి కారణం హైదరాబాదు నగర పోలీసు జట్టు. పోలీసు శాఖ ప్రతిభగల యువకులకు ఉద్యోగాలిచ్చి, అభ్యాసానికి సమయాన్ని, వసతులను కల్పించింది. ఉపాధికి హామీ ఉండడంతో పేదకుటుంబాల యువకులు ఆటను కొనసాగించగలిగారు. ఈ శాఖలో ఫుట్‌బాల్‌ను ప్రోత్సహించిన అధికారులలో శివకుమార్ లాల్ ముఖ్యుడు. గోషామహల్‌లోని పోలీసు స్టేడియంకు ఆయన పేరు పెట్టారు. జట్టుకు శిక్షణనిచ్చే బాధ్యత రహీమ్‌ది.

నగర పోలీసు జట్టు 1950లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలిచి, 1954 వరకు వరుసగా ఐదుసార్లు దానిని నిలబెట్టుకుంది. 1950లోనే కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా చేజిక్కించుకుంది. అప్పటివరకు భారతీయ ఫుట్‌బాల్‌కు కలకత్తాయే కేంద్రం. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్లకు దీటుగా దక్షిణాదినుండి ఒక పోలీసు జట్టు నిలవడం క్రీడాభిమానులను ఆశ్చర్యపరచింది. ఈ జట్టు 1954, 1957 లలోనూ, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారిన తరువాత 1961లోనూ డ్యూరాండ్ కప్పు సాధించింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళు ఒలింపిక్ జట్లలో చోటు సంపాదించారు.

భారత జట్టు శిక్షకుడిగా

1951 ఢిల్లీ ఆసియా క్రీడలు: మొదటి ఆసియా క్రీడలు 1951 మార్చిలో ఢిల్లీలో జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారతజట్టు ఇండోనేషియా, ఆఫ్ఘనిస్తాన్ జట్లపై గెలిచి, ఫైనల్లో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించింది. సాహు మేవాలాల్ గోలు చేశాడు. అంతర్జాతీయ స్థాయిలో ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఇది తొలి స్వర్ణపతకం.

1952 హెల్సింకి ఒలింపిక్స్: మరుసటి సంవత్సరమే తీవ్రమైన పరాజయం ఎదురయింది. హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో భారతజట్టు 1-10 తేడాతో ఓడిపోయింది. చలిప్రదేశంలో కూడా కొందరు భారత ఆటగాళ్ళు బూట్లు లేకుండానే ఆడారు. ఈ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసింది. శారీరక దారుఢ్యం, వేగం, జట్టు అమరిక విషయాలలో ఐరోపా జట్లకూ భారతజట్టుకూ గల అంతరం కూడా ఈ ఓటమితో స్పష్టమైంది. తరువాతి నాలుగు సంవత్సరాలలో ఆ అంతరాన్ని తగ్గించే ప్రయత్నం జరిగింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్: మొదటి రౌండులో ప్రత్యర్థి అయిన హంగరీ పోటీనుండి తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. 1956 డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఈ పోటీలో మూడు గోల్సు చేసిన నెవిల్ డిసౌజా, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు. సెమీఫైనల్లో భారత్ మొదట గోలు చేసినప్పటికీ యుగోస్లావియా చేతిలో 1-4 తేడాతో ఓడిపోయింది. కాంస్యపతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3-0 తేడాతో గెలవడంతో భారత్‌కు నాలుగవ స్థానం దక్కింది. 2024 పారిస్ క్రీడల వరకు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం సాధించిన అత్యుత్తమ స్థానం ఇదే.

1960 రోమ్ ఒలింపిక్స్: పి.కె.బెనర్జీ నాయకత్వంలోని జట్టు బలమైన హంగరీపై 1-2 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమానంగా ముగించి, పెరూ చేతిలో 1-3 తేడాతో ఓడిపోయింది. పతకం రాకపోయినా, హెల్సింకి పరాజయంతో పోలిస్తే జట్టు ఎంత ఎదిగిందో ఈ ఫలితాలు తెలియజేస్తాయి. రహీమ్ కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీమ్ కూడా ఈ బృందంలో సభ్యుడే గానీ, ఆయనకు మైదానంలో దిగే అవకాశం రాలేదు.

జకార్తా స్వర్ణపతకం

1962 ఆసియా క్రీడల నాటికి రహీమ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. జకార్తాలో పరిస్థితులు కూడా అనుకూలంగా లేవు. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా అనుమతించకపోవడంపై భారతదేశానికి చెందిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యుడు జి.డి.సోంధీ అభ్యంతరం తెలిపాడు. దీంతో స్థానిక ప్రజలలో భారతదేశంపై ఆగ్రహం పెల్లుబికింది. భారత క్రీడాకారులు ఎక్కడ ఆడినా ప్రేక్షకులు నిరసన తెలిపేవారు.

భారతజట్టు మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. తరువాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0 తేడాలతో ఓడించి సెమీఫైనల్ చేరింది. థాయిలాండ్‌తో ఆడుతున్నప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ స్థితిలో అతనిని వెనుక వరుసలో ఆడించడం కష్టమని భావించిన రహీమ్, పూర్వం ఫార్వర్డుగా ఆడిన అనుభవాన్ని దృష్టిలో ఉంచుకొని అతనిని దాడివరుసలోకి మార్చాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2 తేడాతో గెలిచింది.

ఫైనల్‌కు ముందురోజు రాత్రి రహీమ్ ఆటగాళ్ళను సమావేశపరచి, తనకు కానుకగా స్వర్ణపతకాన్ని ఇమ్మని కోరినట్లు ఆ జట్టు సభ్యులు తరువాత చెప్పారు. 1962 సెప్టెంబరు 4న సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎదుట ఫైనల్ జరిగింది. జ్వరంనుండి కోలుకున్న పీటర్ తంగరాజ్ గోల్‌కీపర్‌గా నిలిచాడు. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి అర్ధభాగంలోనే చెరొక గోలు చేశారు. చివరి నిమిషాలలో దక్షిణ కొరియా ఒక గోలు చేసినా, భారత్ 2-1 తేడాతో స్వర్ణపతకం గెలుచుకుంది. మొదటి పోటీలో తమను ఓడించిన జట్టునే ఓడించి సాధించిన విజయమిది. చునీ గోస్వామి ఈ జట్టుకు నాయకుడు. హైదరాబాదు ప్రాంతంలో ఎదిగిన బలరామ్, యూసుఫ్ ఖాన్‌లు కూడా జట్టులో ఉన్నారు.

శిక్షణావిధానం

రహీమ్ విధానంలో బంతిని నేలమీదనే ఉంచుతూ చిన్న చిన్న పాసులతో ముందుకు సాగడం ప్రధానాంశం. శారీరకంగా దృఢమైన ఐరోపా ఆటగాళ్ళతో ఢీకొనడం కంటే, బంతిని వేగంగా చేతులు మార్చినట్లు కాళ్ళు మార్చడం వల్ల భారతీయులకు ప్రయోజనమని ఆయన గ్రహించాడు. అయితే దీనికి నిరంతరం పరుగెత్తగల శక్తి అవసరం కనుక దేహదారుఢ్యానికి, క్రమశిక్షణకు అధిక ప్రాధాన్యమిచ్చాడు.

విదేశీ జట్ల వ్యూహాలను ఆయన శ్రద్ధగా అధ్యయనం చేసేవాడు. 1953లో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లాండును 6-3 తేడాతో ఓడించినప్పుడు, సెంటర్ ఫార్వర్డును కొంత వెనుకకు జరిపి ఆడించే పద్ధతి ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. రహీమ్ ఇటువంటి అమరికను భారతజట్టులో ప్రయోగించాడు. 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ ద్వారా ప్రసిద్ధమైన 4-2-4 అమరికకు దగ్గరి పద్ధతిని ఆయన అంతకుముందే అనుసరించాడని క్రీడా చరిత్రకారులు పేర్కొంటారు.

మరణం

జకార్తానుండి తిరిగివచ్చిన తరువాత రహీమ్ ఆరోగ్యం మరింత క్షీణించింది. 1963 జూన్ 11న, 53 సంవత్సరాల వయసులో ఆయన మరణించాడు. స్వర్ణపతకం గెలిచి అప్పటికి ఏడాది కూడా పూర్తికాలేదు.

అనంతర కాలం

రహీమ్ మరణంతో హైదరాబాదు ఒకేసారి ఒక శిక్షకుడిని, ఒక సంఘ నిర్వాహకుడిని కోల్పోయింది. ఆయన తయారుచేసిన తరం కొంతకాలం విజయాలను కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు 1963లో రోవర్స్ కప్పును గెలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ సాధించింది. ఆ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మళ్ళీ ఆ ట్రోఫీని గెలవలేదు.

ఈ క్షీణతకు పలు కారణాలున్నాయి. కలకత్తా క్లబ్బులు ఇచ్చే ప్రతిఫలం, అక్కడి ప్రేక్షకాదరణ హైదరాబాదు ఆటగాళ్ళను ఆకర్షించాయి. బలరామ్ 1950లలోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళగా, తరువాతి తరానికి చెందిన సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ కూడా కలకత్తాలోనే పేరు సంపాదించారు. క్రికెట్‌కు పెరిగిన ఆదరణ మరొక కారణం. వీటన్నింటితోపాటు, రహీమ్ కాలంలో లీగ్ నిర్వహణ, శిక్షణ, ఆటగాళ్ళ ఎంపిక అనే మూడు పనులూ ప్రధానంగా ఒకే వ్యక్తిపై ఆధారపడ్డాయి. ఆయన లేని లోటును పూరించే ఏర్పాటు సంఘంలో జరగలేదు. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ కాంస్యపతకం పొందింది. జకార్తా తరువాత 2022 హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం లభించలేదు.

గుర్తింపు

శిక్షకులకు కేంద్రప్రభుత్వం ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో, అంటే రహీమ్ మరణించిన 22 సంవత్సరాల తరువాత ప్రారంభమైంది. ఆయన వద్ద ఆడిన పి.కె.బెనర్జీ, తరువాత శిక్షకుడిగా ప్రసిద్ధుడై రహీమ్ ప్రభావాన్ని పలుమార్లు గుర్తుచేసుకున్నాడు. కుమారుడు హకీమ్ క్రీడాజీవితం అనంతరం అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడిగా పనిచేసి 2021లో మరణించాడు. రహీమ్ జీవితం ఆధారంగా అమిత్ శర్మ దర్శకత్వంలో నిర్మించబడిన మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. ఇందులో రహీమ్ పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు.

ముఖ్య విజయాలు

భారత జట్టు శిక్షకుడిగా
* ఆసియా క్రీడలు, స్వర్ణపతకం: 1951, 1962
* ఒలింపిక్ క్రీడలు, నాలుగవ స్థానం: 1956

హైదరాబాదు నగర పోలీసు (తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు) జట్టు శిక్షకుడిగా
* రోవర్స్ కప్పు: 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా)
* డ్యూరాండ్ కప్పు: 1950, 1954, 1957, 1961

ఆయన కార్యదర్శిగా ఉన్నకాలంలో హైదరాబాదు జట్టు
* సంతోష్ ట్రోఫీ: 1956-57, 1957-58